ఉత్తరానికి తల పెట్టనన్న రోగి: పక్షవాతం తర్వాత దిక్కుల భాషపై ఒక కేస్ స్టడీ

నెల్లూరులో నేను స్పీచ్ థెరపిస్టును. పక్షవాతం తర్వాత మాట తడబడేవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. వచ్చే ప్రతివారి చేతిలో ఒక రిఫరల్ చీటీ ఉంటుంది. ఈ రోగి చీటీలో నాలుగు సంగతులు రాశారు: కుడి ఎడమల తికమక, దిశాజ్ఞాన లోపం, సూచనలు పాటించడం లేదు, గెర్‌స్ట్‌మన్ సిండ్రోమ్ అనుమానం. చివరిది సగం నిజమని తేలింది. మొదటి మూడూ మాత్రం ఆయనను ఏ భాషలో ప్రశ్నించారన్న దాని మీద ఆధారపడి ఉన్నాయి. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రోగి అరవై దాటిన రైతు. పెన్నకు ఉత్తరాన, ఆత్మకూరు దగ్గర ఒక గ్రామం. చదివింది ఐదో తరగతి, అయినా రోజూ పత్రిక చదువుతారు. కుడిచేతి వాటం. రక్తపోటు మాత్రలు కొంతకాలంగా మానేశారు. ఒక ఉదయం పొలంలో కుడి చేతి పట్టు తప్పింది, నాలుక మొద్దుబారింది. స్కాన్‌లో ఎడమ మెదడు పెరైటల్ భాగం (తల పైన వెనుక వైపు ఉండేది) కింది అంచున చిన్న దెబ్బ కనిపించింది. చేతి బలం చాలావరకు తిరిగి వచ్చింది. చెప్పింది అర్థమవుతుంది, వాక్యం నిలకడగా ఉంటుంది, పేర్లే అందవు. గడియారం చూపిస్తే "అదేనమ్మా, టైము చెప్పేది" అంటారు. కత్తెరను చూసి రెండు వేళ్లు ఆడించి చూపిస్తారు.

చీటీలోని అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. వేళ్లను గుర్తించలేకపోవడం, రాయలేకపోవడం, లెక్కలు రాకపోవడం, కుడి ఎడమలు తారుమారు కావడం ఈ నాలుగూ కలిసి రావచ్చని 1920లలో ఆస్ట్రియా నాడీవైద్యుడు జోసెఫ్ గెర్‌స్ట్‌మన్ గమనించారు. అలాంటి రోగుల్లో దెబ్బ సాధారణంగా ఎడమ మెదడు పెరైటల్ భాగం కింది వైపున్న యాంగ్యులర్ గైరస్ అనే మడత చుట్టూ ఉంటుంది. ఈయన స్కాన్‌లోని మచ్చ ఆ పరిసరాల్లోనే ఉంది. పుస్తకం ప్రకారం అంతా సరిపోయింది.

సరిపోనిది నర్సుల నోట్సులో దొరికింది. డాక్టర్లు వదిలేసినవి అక్కడ ఉంటాయి గనక వాటిని ముందుగా చదవడం నా అలవాటు. చేరిన రాత్రి నోట్ ఇలా ఉంది: రోగి అశాంతిగా ఉన్నారు, మంచం తిప్పమని గొడవ చేస్తున్నారు, నచ్చజెప్పినా వినడం లేదు. భార్యను అడిగాను.

"మంచం తల ఉత్తరానికి ఉందని ఆయన గోలమ్మా. ఉత్తరానికి తలపెట్టి ఎవరైనా పడుకుంటారా?" అన్నారామె.

ఇనుప మంచాల మధ్య ఫోను దిక్సూచిని నమ్మలేం. డాబా మీదికి వెళ్లి భవనం ఎటు తిరిగి ఉందో చూసుకుని, మళ్లీ వార్డుకు వచ్చి పోల్చాను. మంచం తల ఉత్తరానికే ఉంది. ఉత్తరం వైపు తల పెట్టకూడదన్న నమ్మకంలో నిజమెంతో నాకు ముఖ్యం కాదు. రాత్రివేళ స్ట్రెచర్ మీద తెచ్చి, కిటికీలు మూసిన ఏసీ వార్డులో పడుకోబెట్టిన మనిషి, మాట సరిగా రాని స్థితిలో కూడా మంచం ఏ దిక్కుకు ఉందో కనిపెట్టారు. అదే మనిషి కేసు షీటులో దిశాజ్ఞానం లేదని ఉంది.

ఎలా తెలిసిందని తర్వాత అడిగితే ఆయన మాటలతో కన్నా చేతితో ఎక్కువ చెప్పారు. సంగం, బుచ్చిరెడ్డిపాలెం మీదుగా అంబులెన్సు తూర్పుకు వచ్చింది. పెన్న వంతెన ఎక్కడానికి దక్షిణానికి తిరిగింది. ఆ తర్వాత ఆసుపత్రి గేటు దాకా వచ్చిన మలుపులన్నీ అరచేతితో గాలిలో గీశారు.

పరీక్షలు

ముందు ఒంటి మీది కుడి ఎడమలు చూశాను. "కుడి చేయి ఎత్తండి" అంటే వెంటనే ఎత్తారు. "ఎడమ చేత్తో కుడి చెవి పట్టుకోండి" అంటే నెమ్మదిగానైనా సరిగానే పట్టుకున్నారు. అన్నం తినే చేతి పేరు మరవడం మనవాళ్లలో అంత తేలిక కాదు. అయినా అసలైన గెర్‌స్ట్‌మన్ రోగి అక్కడే తడుముకుంటారు. ఈయన తడుముకోలేదు.

తర్వాత బల్ల మీది వస్తువులు. గిన్నె, దాని పక్కన గ్లాసు. గ్లాసు ఏ పక్కన ఉందని అడిగాను. చాలాసేపు జవాబు లేదు. మామూలు పరీక్షలో అయితే ఈ మౌనం దగ్గరే సున్నా పడుతుంది. ఆయన గది చుట్టూ చూసి అడిగారు:

"వాకిలి ఎటు వైపమ్మా?"

"పడమర వైపు, పెద్దాయనా."

"అయితే గ్లాసు ఉత్తరం పక్క ఉంది."

సరైన జవాబే. గ్లాసుకు ఎడమ పక్కన చెంచా పెట్టమంటే చెంచా చేతిలోనే ఆడుతుండిపోయింది. దక్షిణం పక్కన పెట్టమంటే తడబాటు లేకుండా పెట్టారు. వస్తువులు మార్చి, ఆయనను బల్లకు రెండో వైపు కూర్చోబెట్టి మళ్లీ అడిగినా ఫలితం మారలేదు. చీటీలో "పాటించడం లేదు" అన్న సూచనలు ఏవో ఫిజియోథెరపీ విభాగంలో విచారిస్తే తెలిసింది: ఎడమకు తిరగండి, కుడివైపు గోడ దాకా నడవండి. ఆయన ఊళ్లో ఎవరూ ఎవరికీ అలా దారి చెప్పరు. పడమటింటికి, తూర్పు గట్టుకు, దక్షిణపు మడికి పొమ్మంటారు. పొలం దస్తావేజులోని చెక్కుబందీ, అంటే హద్దుల వివరం కూడా నాలుగు దిక్కులతోనే ఉంటుంది. ఇంటి లోపలా అంతే: బియ్యం డబ్బా ఉత్తరపు అల్మారాలో, మంచం నైరుతి మూలన.

మూడో పరీక్ష 1990లలో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో భాషా పరిశోధకుడు స్టీఫెన్ లెవిన్సన్ బృందం వాడినదే. బల్ల మీద మూడు బొమ్మ జంతువులను ఒకే దిక్కుకు చూస్తూ వరుసగా పెడతాం. గుర్తుపెట్టుకోమని కాసేపు ఆగి, రోగిని వెనక్కి తిప్పి రెండో బల్ల దగ్గరకు తీసుకెళ్లి అలాగే పేర్చమంటాం. ఎలా అలాగే అన్నది చెప్పం, కిటుకంతా అక్కడే. మొదటి బల్ల దగ్గర ఉత్తరానికి తిరిగి చూసినప్పుడు ఆవు మొహం తూర్పుకు, అంటే కుడిచేతి వైపుకు ఉంది. రెండో బల్ల దగ్గర మనిషి దక్షిణానికి తిరిగాడు. ఇప్పుడు ఆవును తూర్పుకే ఉంచితే అది ఎడమచేతి వైపు అవుతుంది, కుడిచేతి వైపే ఉంచితే పడమర అవుతుంది.

రోగి దాదాపు ప్రతిసారీ తూర్పునే నిలబెట్టారు. పోలిక కోసం భార్యనూ కొడుకునూ అదే పని చేయమన్నాను. ఆమె భర్త లాగే పేర్చింది. కొడుకు చిన్నప్పటి నుంచి నెల్లూరు హాస్టళ్లలో చదివి, ఇప్పుడు ఇక్కడే సెల్‌ఫోను దుకాణం నడుపుతున్నాడు. అతను కుడిచేతి వైపును కాపాడాడు.

"తూర్పుకు చూస్తున్న ఆవును పడమరకు తిప్పావేమిటిరా?" అంది తల్లి.

"ఎక్కడ తిప్పానమ్మా? ఉన్నది ఉన్నట్టే పెట్టాను."

ఇద్దరూ ఒకరినొకరు నిజంగానే అనుమానంగా చూసుకున్నారు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన ఫలితం ఆ చూపులే. ఇల్లొకటి, మాతృభాష ఒకటి. భాష ఆలోచనను మలుస్తుందనే మాటను మనం తరచూ భాషకొక బుర్ర అన్నట్టు చెప్పుకుంటాం: తెలుగువాళ్లు ఇలా, ఇంగ్లీషువాళ్లు అలా అని. ఇక్కడ ఒకే తెలుగు మాట్లాడే తండ్రీకొడుకులు ఒకే బల్ల ముందు రెండు వేర్వేరు వరుసలు చూశారు. తేడా వ్యాకరణంలో లేదు, నిఘంటువులోనూ లేదు. ఇద్దరికీ కుడి ఎడమలూ తెలుసు, తూర్పు పడమరలూ తెలుసు. రోజంతా నోటి వెంట వచ్చేది ఏదన్నదే తేడా. భాషా పరిశోధకుడు ఎరిక్ పెడర్సన్ 1990లలో తమిళనాడులో దాదాపు ఇదే చూశారు. పల్లె తమిళులు దిక్కులతో, పట్టణ తమిళులు కుడి ఎడమలతో మాట్లాడేవారు. మాటలు లేని ఈ బొమ్మల పరీక్షలోనూ వాళ్ల పేర్పు ఎక్కువగా వాళ్ల వాడుకనే అనుసరించింది.

దిక్కుల భాషకు పేరుమోసినవాళ్లు ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని గూగు యిమిథిర్ ప్రజలు. 1770లో కెప్టెన్ కుక్ మనుషులు కంగారూ అన్న పేరు రాసుకున్నది వీళ్ల భాష నుంచే. పడవ బోల్తా పడిన సంగతిని ఒక పెద్దాయన 1980లో ఒకసారి, 1982లో మరోసారి చెబుతుండగా చిత్రీకరించారు. రెండుసార్లూ ఆయన వేరే వేరే దిక్కులకు తిరిగి కూర్చున్నాడు. పడవ పల్టీ కొట్టిన తీరు చూపే చేతి కదలిక మాత్రం రెండుసార్లూ అసలు దిక్కుకే వెళ్లింది. అంబులెన్సు దారిని గాలిలో గీసిన మా పెద్దాయన చేయి చూశాక ఆ వృత్తాంతం నాకు ఎక్కడో దూరదేశపు వింతలా అనిపించలేదు.

దాపల, వలపల

ఇంతటితో ఆపితే రోగికి కుడి ఎడమల ఆలోచనే లేదనిపిస్తుంది. అది తప్పు. 2002లో మనస్తత్వ పరిశోధకులు పెగ్గీ లీ, లీలా గ్లైట్‌మన్ ఇదే అభ్యంతరం లేవనెత్తారు. అమెరికన్ విద్యార్థులను కిటికీ తెర వేసిన గదిలో ఒకసారి, తీసిన గదిలో ఒకసారి పరీక్షిస్తే పేర్పు మారుతోంది, కాబట్టి ఇది పరిసరాల ప్రభావమే తప్ప భాషది కాదని వాళ్ల వాదన. లెవిన్సన్ బృందం గట్టిగానే బదులిచ్చింది. 2011లో లీ, గ్లైట్‌మన్ మరికొందరితో కలిసి, మెక్సికోలో ఎత్తుపల్లాలతో దిక్కు చెప్పే ట్సెల్టాల్ మాయా ప్రజలను పరీక్షించారు. ఏ పద్ధతిలో పేర్చాలో తెలిసేలా ప్రశ్న వేస్తే వాళ్లు కుడి ఎడమల లెక్కనూ చక్కగా చేశారు. చికిత్స చేసేవాళ్లకు ఈ వాదంలో ఎవరు గెలిచారన్నదానికన్నా, ఒక పని అలవాటు లేక చేయలేదా, శక్తి లేక చేయలేదా అన్న భేదం ముఖ్యం. అలవాటైతే ప్రశ్న మారిస్తే చాలు. శక్తే పోతే చికిత్స కావాలి.

ఈ భేదం తేల్చడానికి నాకు ఎద్దులు పనికొచ్చాయి. అరక దున్నిన రైతుకు కాడి కింద వలపల ఎద్దు, దాపల ఎద్దు ఉంటాయి. వలపలది కుడి, దాపలది ఎడమ. జత ఎటు తిరిగినా వాటి పేర్లు మారవు, దిక్కుతో పని లేదు. ట్రాక్టరు వచ్చాక ఈ మాటలు కరిగిపోతున్నాయి, కొడుకు వాటిని నా గదిలోనే మొదటిసారి విన్నాడు. బొమ్మ ఎద్దుల జతను ఆయన వైపు మొహం పెట్టి నిలబెట్టి, దాపలది ఏదని అడిగాను. ఎదురుగా ఉంది కనుక ఎద్దుల ఎడమ ఆయనకు కుడివైపు పడుతుంది. తడుముకోకుండా సరైనదాన్ని ముట్టుకున్నారు. ఎదుటివారి కుడి ఎడమలను మనసులో తిప్పి చూడటం ఈ రకం పరీక్షల్లో కష్టమైన మెట్టు, మెదడు అక్కడ దెబ్బతిన్నవాళ్లలో చాలామంది దాన్ని దాటలేరు. ఈయన దాటారు. ఆ తర్వాత గిన్నె గ్లాసులను కాడికి కట్టిన జత అనుకోమన్నాను. "గ్లాసు దాపల ఉంది" అన్నారు నవ్వి. బొమ్మ జంతువుల పరీక్షలో కూడా ఈ జత లెక్క చెప్పాక కుడిచేతి వైపును కాపాడగలిగారు, కాకపోతే ప్రతిసారీ గుర్తుచేయాల్సి వచ్చింది.

ఒక రోజు మాత్రం అన్నీ తప్పులే. కింది అంతస్తులో కిటికీలేని గదికి మారాం. ఉత్తరం అడిగితే దక్షిణం, తూర్పు అడిగితే పడమర. కొత్తగా ఇంకేమైనా దెబ్బ తగిలిందా అని భార్య భయపడింది. తప్పులను వరుసగా రాసి చూస్తే అన్నీ సరిగ్గా సగం చుట్టు తిరిగి ఉన్నాయి. మెట్ల మలుపులో ఆయన లోపలి దిక్సూచి తలకిందులైంది, అంతే. వరండాలోకి తీసుకెళ్లి ఎండ చూపించి తెచ్చాక జవాబులన్నీ సరిపోయాయి. దెబ్బతిన్న దిశాజ్ఞానం ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతుంది. ఇలా క్రమం తప్పకుండా ఒకేలా తప్పడం ఎక్కువ సార్లు వేరే ఆధారం పట్టుకున్నదానికి గుర్తు. జవాబు పత్రంలో తప్పొప్పుల గీతలు మాత్రమే పెట్టే పరీక్షకుడికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. రోగి చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాయాలని విద్యార్థులతో నేను పోట్లాడేది అందుకే.

మాట పోయినా నిలిచేది

ఈ కేసులో నన్ను బాగా ఆలోచింపజేసినది మరొకటి ఉంది. పేర్లు అందని రోగి కదా, దిక్కుల పేర్లు కూడా కొన్నిసార్లు జారేవి. చేయి ఉత్తరానికి చూపుతూ నోటితో దక్షిణం అనేవారు. నేను దక్షిణపు గోడ చూపి "ఇటా?" అంటే చిరాకుపడి తల అడ్డంగా ఊపి, మళ్లీ ఉత్తరానికే చేయి చాచేవారు. ఎప్పుడు పొరపడినా నోరే పొరపడింది.

ఆలోచన అంటే లోపల నడిచే మాటే అయితే ఇలా జరగకూడదు. రోజ్‌మేరీ వార్లీ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, వాక్య నిర్మాణమే తీవ్రంగా దెబ్బతిన్న రోగులు లెక్కలు చేయగలిగారు. ఎవెలీనా ఫెడరెంకో మెదడు చిత్రాలతో చేసిన పని కూడా భాషను నడిపే ప్రాంతాలు, తర్కం లెక్కల వంటి ఆలోచనను నడిపే ప్రాంతాలు చాలావరకు వేరువేరని చూపింది. భాష ఆలోచనను మలచదని దీని అర్థమా? నా దృష్టిలో కాదు. అరవై ఏళ్ల పాటు ప్రతి మాటకూ దిక్కు వెతుక్కోవాల్సి వచ్చిన మనిషి, అడిగినా అడగకపోయినా దిక్కును గమనిస్తూనే ఉంటాడు. ఆ గమనింపును నేర్పింది వాడుక. స్థిరపడ్డాక అది మాట మీద ఆధారపడదు. 1930లలో అమెరికా భాషావేత్త బెంజమిన్ వోర్ఫ్ రాసినవాటిలో భాషే బుర్రకు గోడ అన్న ధోరణి కనబడేచోట్ల నాకు ఒప్పుదల లేదు. మనిషి దేన్ని గమనించడానికి అలవాటు పడతాడో భాష తేలుస్తుందన్న మేరకు ఆయన దారి సరైనదే.

దీన్ని ఎంత దూరం లాగవచ్చో చూడటానికి ఇంకో పరీక్ష చేశాను. ఆస్ట్రేలియాలోని పోర్మ్‌ప్యురావ్ ప్రజలు కాలక్రమాన్ని చూపే బొమ్మలను, తాము ఎటు తిరిగి కూర్చున్నా, తూర్పు నుంచి పడమరకు పేర్చే ధోరణి చూపుతారని లెరా బొరొడిట్స్కీ, ఆలిస్ గాబీ 2010లో రాశారు. నారుమడి, నాట్లు, వెన్ను, కోత, కుప్ప ఉన్న బొమ్మలిచ్చి రోగిని పేర్చమన్నాను. ఎటు కూర్చోబెట్టినా ఎడమ నుంచి కుడికే పేర్చారు. ఆయన పత్రిక చదివే మనిషి. చోటుకు దిక్కులు, కాలానికి అక్షరాల వరుస: ఒకే బుర్రలో రెండూ తగువు లేకుండా ఉన్నాయి. దిక్కుల భాష మనిషి ప్రపంచాన్నంతా మార్చేస్తుందనేవాళ్లు ఈ ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చికిత్స

మొదటి పని ఫిజియోథెరపిస్టుతో మాట్లాడటం. సూర్యుడు ఉదయించే వైపు గోడకు పెద్ద క్యాలెండర్ తగిలించాం, సూచనలు దిక్కుల్లోకి మార్చాం. "తూర్పు గోడ దాకా నడిచి దక్షిణానికి తిరగండి." మొండి రోగి అన్న పేరు ఆ వారంలోనే పోయింది. మంచం కూడా తిప్పించాం. వార్డు సిబ్బందికి అది నచ్చలేదు గానీ ఆయనకు రాత్రి నిద్ర పట్టింది.

పేర్లు అందించే చికిత్సలో చెక్కుబందీ బాగా సాయపడింది. పక్క పొలాల వాళ్ల పేర్లు విడిగా అడిగితే ఒక్కటీ రాలేదు. మీ చేనుకు తూర్పున ఎవరిదని అడిగితే వచ్చింది, దక్షిణాన కాలువ, పడమర ఇంకొకరి తోట. వారాల పేర్లలాగా ఇది కేవలం కంఠస్థం కావచ్చని అనుమానించాను. మాట పోయినవాళ్లకు కూడా అలాంటి వరుసలు నోటికి వస్తాయి. అందుకని వరుస తప్పించి, ముందు పడమర, తర్వాత ఉత్తరం అడిగాను. ఆలస్యమైంది కానీ పేరు వచ్చింది. చోటు పేరుకు నిజంగానే ఊతమిస్తోందని తేలింది. అదే పద్ధతిని వంటింటికి, కొట్టంలోకి, ఊరి వీధిలోకి విస్తరించి, దిక్కు చెప్పి వస్తువు పేరు రాబట్టడం భార్యకు నేర్పాం. ఇల్లు చేరాక ఆమె నాకన్నా బాగా చేసింది, ఆమెకు ప్రతి డబ్బా దిక్కూ తెలుసు కదా.

వేళ్ల సంగతి వేరు. మధ్యవేలు, ఉంగరపు వేలు ఇప్పటికీ కలగాపులగమే. కూడికలు నిలిచాయి, హెచ్చవేతలు పోయాయి. బస్తాకు ఇంత చొప్పున ఇన్ని బస్తాలకు ఎంతంటే కాగితం పక్కకు తోసేస్తారు. రాతలో గుణింతాలు తప్పుతున్నాయి. గెర్‌స్ట్‌మన్ అనుమానంలో నిజమైన సగం ఇదే. దానికి చికిత్స సాగుతోంది, మెరుగుదల నెమ్మదిగా ఉంది. ధాన్యం లెక్కలు ప్రస్తుతానికి కొడుకు ఫోనులో చూస్తున్నాడు. తిరుగు నివేదికలో కుడి ఎడమల తికమక అన్న పంక్తి కొట్టేసి, బల్ల మీది వస్తువులకు దిక్కులు వాడతారు, కుడి ఎడమలు చెక్కుచెదరలేదు అని రాశాను.

ఈ కేసు తర్వాత పల్లెల నుంచి వచ్చే రోగులందరికీ చోటుకు సంబంధించిన ప్రశ్నలు రెండు రకాలుగా వేస్తున్నాను: కుడి ఎడమలతో ఒకసారి, దిక్కులతో ఒకసారి. గది దిక్కు ముందే చెబుతున్నాను. కావలి, కందుకూరు, ఉదయగిరి వైపు నుంచి వచ్చిన వయసు పైబడిన రైతుల్లో, రైతు కూలీల్లో కొందరు ఈయన లాగే చేస్తున్నారు. కొందరు రెండూ సమానంగా వాడుతున్నారు. మ్యాపు చెప్పే మలుపులతో బండి నడిపే కుర్రవాళ్లకు దిక్కుల ప్రశ్నే కష్టమవుతోంది, వాళ్లకు మెదడు దెబ్బ లేకపోయినా సరే. కాబట్టి కుడి ఎడమల ప్రశ్నను తీసేసి దిక్కులది పెట్టాలని నేననను. ఏ ఒక్కదానిలో తప్పినా, రెండోదానిలో చూడకుండా లోపం అని రాయవద్దంటాను.